ఇంట్లో చెప్పిన జీతం, చేతికొచ్చే జీతం

ప్రశ్న:

అన్నా, నాకు 24 ఏళ్ళు. డిగ్రీ అయ్యాక విజిట్ వీసా మీద దుబాయ్ వచ్చాను. ఇక్కడే వీసా మార్చుకుని అల్ ఖూజ్‌లో ఒక గోడౌన్‌లో స్టోర్ అసిస్టెంట్‌గా చేరాను. పదకొండు నెలలైంది. జీతం 2,200 దిర్హమ్‌లు. అందులో బేసిక్ 1,200, మిగతాది అలవెన్సులు. వీసా ఖర్చు అని నెలకి 150 కోసేస్తారు. రూం కంపెనీ ఇవ్వదు. షార్జా రోల్లాలో బెడ్ స్పేస్ (గదిలో ఒక మంచం అద్దె) 600, కార్ లిఫ్ట్ (డ్యూటీకి కలిసి వెళ్ళే కారు) 350, మెస్ 400, ఫోన్ 50. భోజనం గంట పోగా రోజుకి పది గంటల డ్యూటీ, వారానికి ఆరు రోజులు. ఓటీ (ఓవర్‌టైం డబ్బు) ఇవ్వరు. ఇంట్లో జీతం 3,500 అని చెప్పాను. ఆ ధైర్యంతో నాన్న చెల్లి పెళ్ళి కోసం నెలకి పదివేల చీటీ వేశారు, ఐదు నెలలైంది. ఏజెంటుకి ఇచ్చిన లక్షన్నర అప్పుకి రెండు రూపాయల వడ్డీ. చీటీ మొదలైనప్పటి నుంచి నెలకి 1,200 దిర్హమ్‌లు పంపిస్తున్నాను. తక్కువ పడింది రూంలో వాళ్ళ దగ్గర తీసుకుంటున్నాను. 2,800 బాకీ అయింది. పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గరే ఉంది. మొన్న నాలుగు రోజులు జ్వరం వచ్చినా క్లినిక్‌కి వెళ్ళలేదు, డబ్బులవుతాయని. సాయంత్రాలు ఇంకో పని చూసుకోమని ఒకరు, కంపెనీ మారమని ఒకరు చెబుతున్నారు. నాకైతే అన్నీ వదిలేసి ఇంటికొచ్చేయాలనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?

షార్జా నుంచి, పేరు వద్దు

సమాధానం:

తమ్ముడూ, నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు. అదే రోడ్ల మీద పద్నాలుగేళ్ళు తిరిగొచ్చిన వాడిని, మీరు అంటే నాకే కొత్తగా ఉంటుంది.

ఇంకో పని చూడాలా, కంపెనీ మారాలా, వచ్చేయాలా అని అడిగావు. ఈ మూడింటికీ జవాబు చెప్తాను. కానీ అసలు సంగతి నువ్వు అడగలేదు. ‘ఇంట్లో జీతం 3,500 అని చెప్పాను’ అని మధ్యలో ఎక్కడో రాసేసి ముందుకెళ్ళిపోయావు. నీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు అక్కడే కాలు ఆగిపోయింది.

నీ లెక్కే నీకు వేసి చూపిస్తాను. 2,200లో 150 కోత పోతే 2,050. బెడ్డు, బండి, మెస్, ఫోను కలిపి 1,400. మిగిలేది 650. నువ్వు పంపేది 1,200. ప్రతి నెలా 550 లోటు. ఐదు నెలలకి 2,750. నీ బాకీ 2,800. అంటే నువ్వు తాగలేదు, ఆడలేదు, ఏ మాల్‌లోనూ తగలేయలేదు. ఆ అప్పులో ప్రతి దిర్హమ్ ఇంటికే వెళ్ళింది. ఖర్చు తగ్గించుకోమని ఎవరైనా నీకు సలహా ఇస్తే నవ్వి ఊరుకో. ‘రోజుకి రెండు కడక్ చాయ్‌లు మానేస్తే’ అని మొదలుపెట్టేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ పడదు. పది గంటలు నిలబడే మనిషికి ఆ చాయే సెలవు. నాలుగొందల మెస్‌లో ఇంకేం కోస్తావు?

చీటీ మొదలుకాకముందు నీకు బాకీ లేదు, గమనించావా? నీ జీతం చిన్నదే, కానీ నిన్ను అప్పులోకి దింపింది ఆ జీతం కాదు. నువ్వు నోటితో పెంచిన 1,300.

నేనూ పెంచాను. 2004లో నా జీతం 900. ఇంట్లో 1,500 అని చెప్పాను. ఎందుకు చెప్పానంటే, ఫోనులో నాన్న అడిగినప్పుడు ఆయన పక్కన ఇంకో ఇద్దరు ఉన్నట్టు మాటలు వినిపించాయి. అంతే. వాళ్ళ ముందు ఆయన పరువు తియ్యడం ఎందుకనుకున్నాను. దుబాయ్‌లో డేరా అనే పేటలో ఎనిమిది మంది ఉండే గది మాది. పంపడానికి తగ్గినప్పుడల్లా ఒకరి దగ్గర తీసుకునేవాణ్ణి. మర్చిపోకుండా ఒక కాగితం మీద రాసుకునేవాణ్ణి. పేర్లు రాస్తే ఎవరైనా చూస్తారని బెడ్ల లెక్కన రాసేవాణ్ణి. కింద బెడ్ 300, కిటికీ బెడ్ 200, తలుపు పక్క బెడ్ 150, ఇలా.

రెండేళ్ళకి సెలవు మీద ఇంటికెళ్ళాను. సూట్‌కేసు నిండా సెంటు సీసాలు, టైగర్ బామ్, టాంగ్ డబ్బాలు, మందపు దుప్పట్లు. అవీ అప్పుతో కొన్నవే. మూడో రోజు అమ్మ నా ప్యాంటు నానబెట్టబోతూ జేబులో ఆ కాగితం చూసింది. తడి చేత్తో పట్టుకుని వరండాలోకి వచ్చి, ‘కిటికీ బెడ్ అంటే ఎవర్రా? బెడ్డుకి నువ్వెందుకు డబ్బులివ్వాలి?’ అని అడిగింది. నేను ఏదో కట్టుకథ చెప్పబోయాను. నోరు పెగల్లేదు. ఆ రోజు సాయంత్రానికి నాన్నకి తెలిసింది. ఆయన తిట్టలేదు. వారం ముందే స్లాబ్ వెయ్యడానికి మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చి వచ్చారట, అది మాత్రం చెప్పారు. ఆ స్లాబ్ నాలుగేళ్ళ తర్వాత పడింది. నేను ఒక్క ఏడాది ముందు చెప్పి ఉంటే ఆ అడ్వాన్సు పోయేది కాదు.

కాబట్టి ఈ నెల జీతం పడేలోపు ఇంట్లో చెప్పెయ్. ఎలా చెప్పాలో చివర్లో రాస్తాను. ముందు నీ కంపెనీ సంగతి చూద్దాం, ఎందుకంటే అందులో నీకు తెలియని డబ్బు ఉంది.

నెలకి 150 వీసా ఖర్చు అంటున్నారు కదా. యూఏఈ కార్మిక చట్టం, 2021 నాటి 33వ నంబరు ఫెడరల్ డిక్రీ, 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. మనిషిని తెచ్చుకున్న ఖర్చు, వీసా ఖర్చు కంపెనీదే. నేరుగా గానీ చుట్టు తిప్పి గానీ నీ దగ్గర వసూలు చెయ్యకూడదని అందులో ఉంది. పదకొండు నెలలకి 1,650 అయింది. నీ బాకీలో సగం కంటే ఎక్కువ.

ఇక ఓటీ. రోజుకి ఎనిమిది గంటలు, వారానికి 48. అది దాటితే ఆ గంటలకి బేసిక్ మీద పావు వంతు కలిపి ఇవ్వాలి. రాత్రి పది నుంచి తెల్లవారుజాము నాలుగు మధ్య అయితే సగం కలపాలి. షిఫ్టుల మీద పనిచేసేవాళ్ళకి ఈ రాత్రి లెక్క వర్తించదు, అది వేరే సంగతి. నీ బేసిక్ 1,200ని ముప్ఫైతో, మళ్ళీ ఎనిమిదితో భాగిస్తే గంటకి సరిగ్గా 5 దిర్హమ్‌లు. ఓటీ గంటకి 6.25. రోజుకి రెండు గంటల చొప్పున 26 రోజులకి 52 గంటలు, అంటే నెలకి 325. నువ్వు రాత్రుళ్ళు వేరే పని చేసి సంపాదిద్దామనుకుంటున్న డబ్బు, ఇప్పటికే చేసేసిన పనిలో ఉంది.

చెల్లికి పెళ్ళి చెయ్యాల్సిన మనిషివి కాబట్టి ఆవేశపడి రేపే హెచ్ఆర్ గదిలోకి వెళ్ళి బల్ల గుద్దకు. ముందు కాగితాలు. మోహ్రే యాప్‌లో, అదే లేబర్ మినిస్ట్రీ యాప్‌లో, నీ కాంట్రాక్ట్ ఉంటుంది. డౌన్‌లోడ్ చేసుకో. గోడౌన్‌లో వాళ్ళు నోటితో చెప్పిన బేసిక్, అందులో రాసిన బేసిక్ ఒకటేనా చూడు. జీతం డబ్ల్యూపీఎస్ అనే ప్రభుత్వ పద్ధతి ద్వారానే బ్యాంకులో పడుతుంది కాబట్టి స్టేట్‌మెంట్‌లో 2,050 కనిపిస్తుంది. ఆ 150 ఎందుకు తగ్గిందో సూపర్‌వైజర్‌ని వాట్సాప్‌లో మామూలుగా అడుగు. ‘వీసా డిడక్షన్’ అని ఆయన టైప్ చేస్తే చాలు, అది సాక్ష్యం. డ్యూటీలోకి వెళ్ళిన టైము, వచ్చిన టైము ఈ రోజు నుంచే ఫోనులో రాసుకో. హాజరు మెషిన్ ఉంటే, దాని స్క్రీన్ కనిపించేలా ఫోటో తీసుకోగలిగితే ఇంకా మంచిది.

అవి చేతిలో పెట్టుకుని 80084కి ఫోన్ చెయ్. అది మినిస్ట్రీ వాళ్ళ కార్మికుల ఫిర్యాదులు, సలహాల నంబరు. ఫోన్ చేసినంత మాత్రాన కేసు పెట్టినట్టు కాదు, ముందు అడిగి తెలుసుకో. 50,000 దిర్హమ్‌ల లోపు గొడవల్లో 2024 నుంచి మినిస్ట్రీయే తీర్పు చెప్పగలదు, నీ లెక్క ఆ లోపే. మన వాళ్ళ సాయం కావాలంటే దుబాయ్‌లో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. టోల్ ఫ్రీ నంబరు 800 46342. పాత ఫోన్ల బటన్ల మీద 46342 నొక్కితే ఇంగ్లీషులో ఇండియా అని వస్తుంది, గుర్తుపెట్టుకోవడానికి మేం అలాగే చెప్పుకునేవాళ్ళం.

ఫిర్యాదు ఎప్పుడు పెట్టాలి అనేది నీ ఇష్టం. నన్నడిగితే ఇవాళ వద్దంటాను. ఎందుకంటే నీకు పదకొండు నెలలే అయ్యాయి. ఏడాది నిండకుండా బయటికొస్తే గ్రాట్యుటీ సున్నా. నిండితే ఏడాదికి 21 రోజుల బేసిక్. నీకు రోజు బేసిక్ 40 కాబట్టి 840 దిర్హమ్‌లు. ఏడాదికి 30 రోజుల సెలవు కూడా నీ హక్కు. వాడుకోకుండా వెళ్ళిపోతే దానికీ బేసిక్ లెక్కన డబ్బు రావాలి, ఇంకో 1,200. రెండూ కలిపి రెండు వేల పైన. సెలవు డబ్బు ముందే వెళ్ళినా కొంత వస్తుంది, గ్రాట్యుటీ మాత్రం రాదు. ఒక్క నెల ఓపిక పట్టడానికి ఇంతకన్నా మంచి కారణం నాకు కనపడదు. మీ రూంలోనే పదో నెలలో, పదకొండో నెలలో ‘ఖల్లివల్లి’, అంటే పోతే పోనీ అని రాజీనామా విసిరేసిన వాళ్ళుంటారు, అడిగి చూడు. ఆ మాట అనడానికి బాగుంటుంది. ఖరీదు తర్వాత తెలుస్తుంది.

ఇప్పుడు రెండో పని. మినిస్ట్రీ ఇచ్చే పార్ట్ టైం పర్మిట్ ఉంటే చెయ్యొచ్చు. లేకుండా ఏ రెస్టారెంట్ వెనకో గిన్నెలు కడుగుతూ దొరికితే ఆ యజమానికి పెద్ద జరిమానా, నీకు దేశం వదిలి వెళ్ళాల్సిన పరిస్థితి. పైగా నువ్వు రోల్లా నుంచి అల్ ఖూజ్‌కి వెళ్ళొస్తున్నావు. షార్జా నుంచి దుబాయ్ వెళ్ళే అల్ ఇత్తిహాద్ రోడ్డు సంగతి నాకు చెప్పకు, ఆ జామ్‌లో నేను నిద్రపోయి లేచి మళ్ళీ నిద్రపోయిన రోజులున్నాయి. పది గంటల డ్యూటీ, గంట భోజనం, రాను పోను మూడు గంటలైనా ఉంటుంది. ఇంకో పని ఎక్కడ దూరుస్తావు? వద్దు.

దానికి బదులు బెడ్ మార్చుకోవడం గురించి ఆలోచించు. ఇప్పుడు బెడ్డుకీ బండికీ కలిపి 950 పెడుతున్నావు. అల్ ఖూజ్‌లోనో సత్వాలోనో బెడ్ స్పేస్ కొంచెం ఎక్కువే ఉంటుంది. కానీ బండి ఖర్చు పోతుంది, లేదా బస్సుకి తగ్గుతుంది. డబ్బు లెక్కలో సమానంగా వచ్చినా రోజుకి రెండు గంటలు మిగులుతాయి. ఒక్క జాగ్రత్త. దుబాయ్ మునిసిపాలిటీ 2025 జూన్‌లో రిగ్గా, మురక్కబాత్, సత్వా, బర్షా లాంటి చోట్ల అనుమతి లేని పార్టిషన్ల మీద గట్టిగా పడింది. చెక్కతో, జిప్సం బోర్డుతో గది మధ్యలో గోడలు కట్టిన చోటికి వెళ్ళకు. పొద్దున్నే వచ్చి ఖాళీ చేయిస్తే నువ్విచ్చిన అడ్వాన్సు ఎవరూ తిరిగివ్వరు. మామూలు గది, లెక్కకి మించని మనుషులు, అద్దె కాంట్రాక్ట్ ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి అక్కడే ఉండటం, ఈ మూడూ చూసుకో.

మిగిలిన ఆ రెండు గంటలు ఏం చెయ్యాలి? మొదటి నెల నిద్రపో. నిజంగానే చెప్తున్నాను. తర్వాత ఎక్సెల్, స్టాక్ సాఫ్ట్‌వేర్ పట్టు. అసిస్టెంట్‌గా ఉన్నవాడు స్టోర్ కీపర్ అవ్వాలంటే అడ్డం ఉండేది అదే, సరుకు మొయ్యడం కాదు. నీ డిగ్రీ సర్టిఫికెట్ అటెస్టేషన్ అయిందా? చాలామంది డిగ్రీ సూట్‌కేసులో పెట్టుకుని లేబర్ కేటగిరీలో పనిచేస్తుంటారు. మన దగ్గర రాష్ట్రం, ఆ తర్వాత విదేశాంగ శాఖ, ఆ తర్వాత యూఏఈ ఎంబసీ, చివర్లో అక్కడి విదేశాంగ శాఖ, ఇన్ని ముద్రలు పడాలి. ఖర్చవుతుంది. ఇప్పుడే కాదు, బాకీ తీరాక.

కంపెనీ మారడానికి ఎన్ఓసీ, అంటే పాత కంపెనీ అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం, కావాలని ఎవరో భయపెడతారు. ప్రొబేషన్ ఆరు నెలలే, నీకది అయిపోయింది. కాంట్రాక్ట్‌లో ఉన్న నోటీసు, కనీసం 30 రోజులు, ఇచ్చి పద్ధతిగా వెళ్ళొచ్చు. నోటీసు రోజులు కూడా సర్వీసులోనే లెక్క. అయితే కొత్త కంపెనీ వాళ్ళ నోటి మాట మీద రాజీనామా ఇవ్వకు. మినిస్ట్రీ నమూనాలో ఆఫర్ లెటర్ వచ్చాక, అందులో బేసిక్ ఎంతో చూశాక ఇవ్వు. మొత్తం జీతం 2,600 అని ఊరించి బేసిక్ 900 పెట్టేవాళ్ళున్నారు. ఓటీ, గ్రాట్యుటీ అన్నీ బేసిక్ మీదే నడుస్తాయి.

పాస్‌పోర్ట్ ఈ వారంలోనే అడుగు. కంపెనీ నీ పాస్‌పోర్ట్ ఉంచుకోకూడదు, ఆ చట్టంలోనే ఉంది. ‘సేఫ్టీ కోసం’ అంటారు. లాకర్ నువ్వు అడగలేదు కదా. గొడవ పడకుండా, ‘బ్యాంకులో చూపించాలి సార్’ అని మెసేజ్ పెట్టు. మెసేజ్ ఉండాలి, నోటితో వద్దు. రెండుసార్లు అడిగినా ఇవ్వకపోతే అదే 80084. చేతికొచ్చాక తిరిగివ్వకు.

జ్వరం గురించి రాశావు చూడు, అది చదివి నాకు కోపమొచ్చింది. దుబాయ్‌లో హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం కంపెనీ కట్టాలి, నీ దగ్గర తియ్యకూడదు. నీ ఎమిరేట్స్ ఐడీ, అదే అక్కడి గుర్తింపు కార్డు, పట్టుకుని ఆ ఇన్సూరెన్స్ తీసుకునే క్లినిక్‌కి వెళ్తే నువ్వు కట్టేది బిల్లులో కొంత భాగమే. ఏ క్లినిక్‌లు వస్తాయో కార్డు ఇచ్చిన కంపెనీ యాప్‌లో ఉంటుంది, జ్వరం లేని రోజున చూసి పెట్టుకో. ప్రొబేషన్ అయ్యాక డాక్టర్ కాగితం ఉంటే ఏడాదిలో మొదటి 15 రోజుల సిక్ లీవుకి పూర్తి జీతం ఇవ్వాలి. నాలుగు రోజులు పారాసిటమాల్ మీద గోడౌన్‌లో నిలబడి నువ్వు మిగిల్చింది ఏమీ లేదు. ఉద్యోగం పోతే ఇచ్చే ఇన్సూరెన్స్ కూడా ఒకటుంది, 2023 నుంచి తప్పనిసరి చేశారు. నీ జీతానికి నెలకి 5 దిర్హమ్‌లు. అది కట్టి ఉందో లేదో చూసుకో. లేకపోతే 400 జరిమానా పడేది నీ మీదే.

ఇంకో రెండు చిన్న విషయాలు. శాలరీ సర్టిఫికెట్‌లో అంకె మార్చి క్రెడిట్ కార్డు ఇప్పిస్తానని రోల్లాలో ఎవడో ఒకడు తగులుతాడు. నీ బ్యాంకు అకౌంట్ రెండు రోజులు ఇస్తే 500 ఇస్తానని ఇంకొకడు. రెండూ జైలుకి దగ్గర దారులే.

డబ్బు పంపే దగ్గర కూడా చెప్పాలి. దిర్హమ్‌ని 1997 నుంచి డాలరుకి 3.6725 దగ్గర కట్టేశారు. డాలరు ముందు రూపాయి పడితే దిర్హమ్ దానంతటదే పెరుగుతుంది. అలాంటి రోజున ఎక్స్‌ఛేంజ్ ముందు క్యూ కడతారు, అప్పు తెచ్చి మరీ పంపుతారు. రేటు 20 పైసలు పెరిగితే వెయ్యి దిర్హమ్‌ల మీద వచ్చేది 200 రూపాయలు. ఒకసారి పంపే చార్జీ ఇరవై దిర్హమ్‌లకి అటూ ఇటూ ఉంటుంది, మన డబ్బుల్లో దాదాపు ఐదొందలు. కాబట్టి రేటు వెంట పరిగెత్తి రెండుసార్లు పంపడం కన్నా నెలకి ఒక్కసారి పంపడమే లాభం. బోర్డు మీద రేటు చూడకు, చివరికి అకౌంట్లో ఎన్ని రూపాయలు పడతాయో అడుగు. ఊళ్ళో చేతికిస్తామనే హుండీ వాళ్ళ జోలికి వెళ్ళకు. అన్నట్టు, నీ పాత సేవింగ్స్ అకౌంట్‌ని విదేశాల్లో ఉండేవాళ్ళకిచ్చే ఎన్ఆర్ఓ అకౌంట్‌గా మార్చుకుని, అక్కడి నుంచి పంపే డబ్బుకి ఎన్ఆర్ఈ అకౌంట్ తెరువు. నాన్న అకౌంట్‌కే మొత్తం పంపుతుంటే నీ పేరు మీద రూపాయి కూడా నిలవదు.

సరే, ఇక ఇంటికి ఫోన్.

ఎంత పంపగలవో ముందు నువ్వు తేల్చుకో. మిగిలే 650లో 250 రూం బాకీకి, 400 ఇంటికి. రేటు 24 రూపాయలు అనుకుంటే 9,600. అందులో మూడు వేలు ఏజెంటు అప్పు వడ్డీకి పోతాయి, మిగతా 6,600 ఇంటికి. చీటీ ఇందులో పట్టదు. ఈ లెక్కన నీ బాకీ తీరడానికి పదకొండు నెలల పైన పడుతుంది. ఆ 150 కోత ఆగితే ఏడు నెలలు. గ్రాట్యుటీ, సెలవు డబ్బు, కోసిన 1,650 చేతికొస్తే ఒక్కసారే తీరిపోయి ఇంకా కొంత మిగులుతుంది. అవి వచ్చే వరకు వచ్చినట్టు లెక్క వెయ్యకు. నాన్నకి కూడా చెప్పకు. ఇంకో 3,500 కథ అవుతుంది.

వాట్సాప్ కాల్ అక్కడ కలవదని నీకు తెలుసు, బోటిమ్ యాప్‌లో చెయ్. కానీ కాల్ చెయ్యకముందు నీ శాలరీ స్లిప్ ఫోటో, నువ్వు చేత్తో రాసిన లెక్క ఫోటో నాన్నకి వాట్సాప్‌లో పంపు. బెడ్డు ఇంత, బండి ఇంత, మెస్ ఇంత, బాకీ ఇంత. నోటితో చెబితే మధ్యలో గొంతు తడబడి నాలుగో వంతు దాచేస్తావు. కాగితం దాచదు. నీ ఆఫ్ రోజున, ఆయన పక్కన ఎవరూ లేని వేళ చూసి చెయ్. ముందు అమ్మకి చెప్పి ఆమెతో చెప్పించకు. ఆమె మీద ఆ బరువు పెట్టడం అన్యాయం, నేనలా చేసినవాణ్ణే.

‘నాన్నా, నేను అబద్ధం చెప్పాను, జీతం ఇదీ’ అన్నదే నీ మొదటి మాట కావాలి. బాగున్నారా, వానలు పడ్డాయా అని తిప్పకు. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడకపోవచ్చు. ఆ సేపు భరించు. భయపడి ‘వచ్చే నెల సర్దేస్తాలే’ అని నోరు జారకు. అక్కడే కొత్త అప్పు పుడుతుంది. చీటీ ఇంకా పాడుకోలేదు కాబట్టి, ఆ చీటీ పేరు వేరేవాళ్ళకి మార్చడానికి కుదురుతుందేమో చీటీ నడిపే వాళ్ళని అడగమను. ఐదు నెలలు కట్టిన డబ్బు పోకుండా చూసుకోవచ్చు. పదో నెలలో పాడుకుని ఖర్చు పెట్టాక ఆగిపోతే అప్పుడు ఇల్లు కదిలిపోతుంది. పెళ్ళి ఒక ఏడాది వెనక్కి జరగొచ్చు. చెల్లితో కూడా ఒక మాట మాట్లాడు. ఆమె పెళ్ళి కోసం నువ్వు జ్వరంతో సరుకు లెక్కపెడుతున్నావని ఆమెకి తెలియకపోవడం ఆమెకీ మంచిది కాదు.

ఇక వచ్చేయాలా అన్నావు. రావచ్చు, అది ఓడిపోవడం ఏమీ కాదు, నేనూ వచ్చాను. కానీ ఏడాది నిండాక, పాస్‌పోర్ట్ నీ చేతిలో ఉన్నప్పుడు, రూంలో ఎవరికీ బాకీ లేనప్పుడు ఆలోచించు. ఇప్పుడు నీకు పారిపోవాలనిపిస్తున్నది దుబాయ్ నుంచా, ఆ 3,500 నుంచా అని నాకు అనుమానం. ఫోన్ చేసిన వారం తర్వాత కూడా ఇలాగే అనిపిస్తే మళ్ళీ రాయి, టికెట్ ఎవరు కట్టాలి, లెక్కలు ఎలా తేల్చుకోవాలి అన్నది అప్పుడు చూద్దాం.

పాస్‌పోర్ట్ చేతికొచ్చిన రోజు కూడా ఒక ముక్క రాసి పడెయ్. మీ రూంలో కిటికీ పక్క బెడ్ మీద ఉన్నవాడికి ఎంత బాకీ ఉన్నావో గానీ, ముందు అతనిది తీర్చు.